మంగకు రాని చీర

మంగ పుట్టింటి చీర లేకుండానే కాటికి పోయింది. అది ఆమె తమ్ముడు సుందరం చేసిన తప్పు. ఇందులో వాదించడానికి ఏమీ లేదని మంగ భర్త జనార్దనం ఏనాడో తేల్చేసుకున్నాడు. మొగుడుండగా పోయిన ఆడమనిషికి చివరిసారి కప్పే చీర పుట్టింటి నుంచి రావాలి. తల్లీ తండ్రీ లేకపోతే తోడబుట్టినవాడు తేవాలి. తేలేదు. పొద్దున పోయిన మనిషిని పొద్దు వాలేదాకా పెట్టుకుని వానలో దారి చూశారు. చివరికి ఆమె పెట్టెలోని చీరే ఒకటి తీసి కప్పారు.

సుందరం మరునాడు వచ్చాడు. తుపానుకు రోడ్డు తెగిందన్నాడు, తిరువళ్లూరులో బస్సులు నిలిపేశారన్నాడు. మోకాళ్ళ దాకా బురద. చంకలో గుడ్డసంచి, అందులోంచి తొంగిచూస్తున్న పసుపుపచ్చ చీర, దాని ఎర్రంచు. జనార్దనం గడప దగ్గరే చెయ్యి అడ్డం పెట్టాడు.

"కట్టుకునే మనిషి పోయింది. చీర ఎత్తుకుని నువ్వూ పో" అన్నాడు.

సుందరం సంచి చంకలో పెట్టుకుని వచ్చిన దారినే పోయాడు. ఆనాటి నుంచి రెండిళ్ళ మధ్యా రాకపోకలు లేవు.

ఇప్పుడు ఆ సుందరం ఇంటికే మద్రాసు పోతున్నాడు జనార్దనం. ఆయుధపూజ, దాని వెనకే శనీ ఆదివారాలు కలిసి వచ్చాయి. వేలూరులో ఉండే కూతురు వాసంతి, అల్లుడు ఆనంద్‌రాజ్ పిల్లలను కారులో వేసుకుని పళ్ళిపట్టు పక్కనున్న ఆయన పల్లెకు వచ్చారు. పిల్లలకు అమ్మమ్మ పుట్టిల్లు చూపించాలని, నాయన రాకపోతే తానూ పోనని వాసంతి పట్టుబట్టింది. ఆయన ఒప్పుకున్నాడు. ఎందుకు ఒప్పుకున్నాడో మాత్రం చెప్పలేదు. సుందరాన్ని వాడి ఇంట్లోనే, వాడి పెళ్ళాంబిడ్డల ముందరే అడగాలి. అక్క చేతి ముద్దలు తిని పెరిగావు, ఆమెకు ఒక్క చీర వేళకు తేలేకపోయావే అని అడగాలి. అడిగి, ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టకుండా లేచి రావాలి. అందుకే కారెక్కాడు.

కారుకు తెల్లవారే పూజ అయింది. బానెట్ మీద గంధం, కుంకుమ, ముందర చిన్న అరటి పిలకలు. నిమ్మకాయలు చక్రాల కింద చితికాయి. బండి కదిలినప్పటి నుంచి మనవరాలు జననికి అదే దిగులు.

"తాతా, ఆ ఎలుమిచ్చంపళం పాపం. అప్పా దాని మింద కారెక్కించేసినాడు."

"నిమ్మకాయకి పాపమేంది?"

"దానికి వలిక్కాదా?"

"తెలుగులో అడుగు."

పిల్ల కాసేపు వెతుక్కుంది. "నొప్పి పుట్టదా?"

"పుట్టదు."

"నీకెట్టా తెలుసు? నువ్వేమన్నా నిమ్మకాయా?"

ముందు సీటులో ఆనంద్‌రాజ్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. జనార్దనం కిటికీ వైపు తిరిగాడు.

తిరుత్తణి దాటాక జనని వాంతి చేసుకుంది. బండి ఆపి, నోరు కడిగి, గౌను మార్చారు. అల్లుడు ఏదో మాత్ర కోసం సంచులన్నీ తిరగేశాడు. మంగ అయితే ఉప్పేసి దంచిన చింతపండు ఉండ బుగ్గన పెట్టేది, అంతటితో సరిపోయేది. ఆ ఉండల డబ్బా లేకుండా ఆమె ఈ దారిలో ఏనాడూ బస్సెక్కలేదు.

ఏటా ఆయుధపూజకు పుట్టింటికి వచ్చేది మంగ. తండ్రి మద్రాసులో వ్యాసర్పాడి రైలు యార్డులో పనివాడు. ఆ ఒక్కరోజు ఇంజన్లకు బంతిపూల దండలు వేసి పనివాళ్ళ పిల్లలను లోపలికి రానిచ్చేవాళ్ళు. చిన్నప్పుడు ఇంజనెక్కి కూత వేసిన సంగతి ప్రతి ఏడూ కొత్తగా చెప్పేది. పల్లెలో పట్టుమని పది మాటలు ఆడని మనిషి బస్సెక్కితే నోరు మూసేది కాదు. తిరువళ్లూరు రాగానే దువ్వెన తీసేది. "మా ఊరి గాలి వస్తా ఉండాది" అనేది. "పొగ కంపు వస్తా ఉండాది" అనేవాడు ఆయన. ఆమెకు ఎప్పుడూ కిటికీ సీటే కావాలి. ఇప్పుడు కిటికీ పక్కన ఆయనే కూర్చున్నాడు. తిరువళ్లూరు వచ్చింది, పోయింది. ఎవరూ దువ్వెన తీయలేదు.

మద్రాసు పొలిమేరలో, పాడి అనే చోట బండ్లు నిలిచిపోయాయి. ప్రతి లారీకీ దండ, ప్రతి ఆటోకీ అరటి పిలక.

"ఊరంతా రోడ్డు మిందనే ఉండాది మామా" అన్నాడు ఆనంద్‌రాజ్.

తల్లి ఒడిలో చంటివాడు కార్తీ గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఎవరెత్తుకున్నా ఊరుకోలేదు. ఆ ఏడుపుతోనే వ్యాసర్పాడి చేరారు.

కారు సందు మొదట్లోనే ఆగింది. అక్కడి నుంచి నడక. సుందరం భార్య పంకజం తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"రాండన్నా, రాండి. ఆయన యార్డులో పూజకి పొయ్యుండాడు, ఇప్పుడొచ్చేస్తాడు. సింధూరీ, మామకి నీళ్ళు తేవే!"

"దాహం లేదు" అన్నాడు జనార్దనం.

సుందరం కూతురు సింధూరి అయినా చెంబు తెచ్చి పక్కన పెట్టింది. అత్త పోయినప్పుడు ఆ పిల్ల కోయంబత్తూరు హాస్టల్లో చదువుకుంటోంది. ఇంకా ఏడుస్తున్న కార్తీని వాసంతి చేతుల్లోంచి అందుకుంది.

"ఇట్టియ్యి వదినా. తూళి కడితే కమ్మున పండుకుంటాడు. నువ్వూ ఈ తూళిలో పెరిగినదానివే అంట గదా."

ఉయ్యాల కొక్కెం నడింట్లో దూలానికి అలాగే ఉంది. వాసంతి ఈ ఇంట్లోనే పుట్టింది. బిడ్డను చూడడానికి జనార్దనం ఊరి నుంచి వచ్చి ఈ గడపలోనే నిలబడ్డాడు. తలస్నానం చేసిన జుట్టు విరబోసుకుని, ఒక కాలితో ఉయ్యాల తోస్తూ, చేటలో బియ్యం ఏరుతోంది మంగ. ఎప్పుడొచ్చావనలేదు, కూర్చోమనలేదు. "చప్పుడు చెయ్యొద్దు. నిద్రపోయింది" అంది. కళ్ళు మాత్రం నవ్వాయి. ఆ నవ్వు కోసం ఇప్పుడు ఎంత దూరమైనా పోతాడు. పోవడానికి చోటే లేదు.

సింధూరి ఏదో చీర తెచ్చి కొక్కేనికి కట్టి కార్తీని అందులో వేసింది. ఉయ్యాల ఊగుతోంది. ఏడుపు ఆగింది. అప్పుడు చూశాడు ఆయన. పసుపుపచ్చ నూలు చీర. ఎర్రంచు.

వాకిట్లో చెప్పుల చప్పుడు. బొరుగుల సంచితో లోపలికి వచ్చిన సుందరం, బావను చూసి నవ్వబోయి, ఉయ్యాలను చూసి నిలబడిపోయాడు. భర్త చూపు ఎక్కడుందో పంకజం చూసింది.

"ఒసే! ఆ చీర యాడిది?"

"బీరువా మింద సంచిలో ఉండింది మా. నీ చీరలన్నీ జారిపొయ్యేటివే. నూలుది ఇదొకటే దొరికింది. ఏమైంది?"

"అయ్యయ్యో! అది మీ అత్తకని... పోయినప్పుడు కప్పేదానికి కొన్నది గదే! పసిబిడ్డని దాంట్లో పెడతారా? ఎత్తు, ఎత్తు!"

వాసంతి లేచింది. సింధూరి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. అందరూ జనార్దనం వైపు చూశారు. ఆయన అడగాలనుకున్నది అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదు. సుందరం ఎదురుగానే ఉన్నాడు, తల దించుకుని.

జనార్దనం లేచాడు. ఉయ్యాల దగ్గరికి పోయి గుడ్డ పట్టుకుని చూశాడు. అంచు పొడుగునా బురద మరక. ఉతికినా వదల్లేదు. లోపల కార్తీ గుప్పిట్లో చీర మడత పట్టుకుని నిద్రపోతున్నాడు.

"చప్పుడు చెయ్యొద్దు. నిద్రపోయినాడు" అన్నాడు.

"అది కాదన్నా, అరిష్టం..."

"వాళ్ళవ్వ చీరది. అరిష్టమేంది?"

ఉయ్యాల పక్కన కింద కూర్చుని తోయసాగాడు. కాసేపటికి జనని దగ్గరికి వచ్చింది.

"తాతా, నేనూ ఎక్కతా."

"నువ్వెక్కితే ఇల్లు కూలుతుంది."

ఆ పిల్ల సుందరం తెచ్చిన బొరుగులు గుప్పెడు ఆయన అరచేతిలో పోసింది. అవి అలాగే ఉండిపోయాయి. చెంబులో నీళ్ళూ అలాగే ఉండిపోయాయి. వాసంతి రెండుసార్లు భోజనానికి పిలిచింది. ఆకలి లేదన్నాడు.

ఎండ తగ్గాక బయలుదేరారు. సుందరం కారు దాకా వచ్చాడు. చేతిలో అదే గుడ్డసంచి. కిటికీ దగ్గర నిలబడ్డాడు గాని లోపలికి చాపడానికి చెయ్యి రాలేదు. జనార్దనమే చెయ్యి చాపి తీసుకుని ఒడిలో పెట్టుకున్నాడు. చీర ఇంకా పాలవాసన వేస్తోంది.

సుందరం కిటికీలోకి వంగాడు. "బావా, ఆ పొద్దు నేను తిరువళ్లూరు కాడ నుంచి నీళ్ళలో నడిచే..."

"సుందరం."

జనార్దనం చెయ్యెత్తి ఆపాడు.

"ఆ మాట ఎత్తొద్దు. నేనూ ఎత్తను. ఈ పొద్దే కాదు, ఇంక బతికినన్నాళ్ళూ ఎత్తను" అని జనార్దనం కిటికీ అద్దం పైకి లాగేశాడు.