తారు పూసిన బోర్డు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌ల హాస్టళ్ల గల్లీ. విశ్వేశ్వరరావు పొద్దుగాల తన మెస్సు షట్టర్ లేపి పైకి చూసిండు. బోర్డు మీద 'ఆంధ్రా' అన్న మాటే లేదు, దాని మీద ఇంత మందాన తారు. 'మెస్' మాత్రం మిగిలింది.

ఎవరు చేసిండ్రో ఎతికే పనే లేకుండె. కృష్ణ చేతులు మోచేతుల దాక నల్లగనే ఉన్నయి. గోడల మీద జై తెలంగాణ అని ముత్యాల్లెక్క రాసేటోడు, తల్కాయనే జర వేడి. పూస్తె పూసిండు గని, ఆ మెస్సుల వంట చేసేది కన్నతల్లి అండాలమ్మ అన్న సోయన్న ఉండొద్దా! ఆ పొయ్యి మీది అన్నం తినే గదా ఇంత పెరిగింది.

పక్క చీరల దుకాణం హనుమాండ్లు అప్పటికే తీర్పు చెప్పిండు. పోచంపల్లి మనిషి, తెలంగాణ అంటె పాణమిస్తడు, గందుకే ఆయనకు ఇంకింత మండింది.

"మన పేరు ఖరాబ్ చేసిండు. గదే తారు వీని మొఖానికి పూసి గల్లీల నిలబెట్టాలె. అప్పుడొస్తది బుద్ధి!"

చుట్టున్నోళ్లు సై అన్నరు. అండాలమ్మ కొడుకును ఎనుకకు గుంజుకున్నది. మొఖం మీది తారు కిరసనాయిలు పెడితె పోతది, ఇజ్జత్ పోతె ఎట్ల? రేపటి సంది పిల్లగాడు గల్లీల తలెత్తుతడా? తనను ఇడిసిపెట్టి యాడికన్న పోతె?

"సారూ, మీరే వానికి బుద్ధి చెప్పుండ్రి. మొఖం జోలికి మాత్రం పోకుండ్రి," అని మొక్కింది.

విశ్వేశ్వరరావు కోపంగనే ఉన్నడు. "బోర్డు నాదండీ హనుమాండ్లు గారూ, బుద్ధీ నేనే చెప్తాను," అని కృష్ణ చేతికి కిరసనాయిలు గుడ్డ ఇచ్చిండు. "తుడువు."

తుడిసిండు. తారుతోని రంగు గూడ లేసిపోయి ఉత్త రేకు తేలింది.

"ఇప్పుడు రాయి."

"ఆంధ్రా అని నా చేత్తోని రాయాల్నా సారూ? దోస్తులు సంపుతరు!"

"ఉన్నది ఉన్నట్టు రాయాలి. దాని కిందే ఇంకో వరస. వంట అండాలమ్మ, అని."

"గిదేం శిక్షయ్యా, సన్మానం లెక్కున్నది," అని హనుమాండ్లు గొణిగిండు. "నా పేరెందుకు సారూ, అందరు నవ్వుతరు," అన్నది గని, అండాలమ్మకు లోపల సంబురం ఆగలే. కృష్ణ తల్లి పేరు రాసేటప్పుడు మాత్రం కుంచె మస్తు మెల్లగ కదిలింది.

మల్ల బంద్ వచ్చింది. సగం షట్టర్ దించి హాస్టల్ పిల్లలకు అన్నం పెడుతుండ్రు. కృష్ణ దోస్తులే తారు డబ్బ పట్టుకొని వచ్చిండ్రు. కృష్ణ అడ్డం నిలబడ్డడు.

"ఏందిరా, పార్టీ మార్చినవా? జరుగు!"

"జై తెలంగాణ నేను గూడ అంట. కిందేమున్నదో చదువుండ్రి."

"అండాలమ్మ ఎవర్రా?"

"మా అమ్మ."

"సరే తియ్, ఆమె జోలికి పోం. పైన ఆంధ్రా మీదనే పూస్తం."

"తారు కారుతదిరా," అన్నడు కృష్ణ. "మా అమ్మ మీద పడ్తది."

డబ్బ కింద పెట్టిండ్రు. లోపల పొయ్యి కాడ అండాలమ్మ కండ్లు తుడుసుకొని, బయట నిలబడ్డోళ్లందరికి సరిపోను ఇంకిన్ని బియ్యం కడిగింది.