వెండిరంగు బంపరు

నేను ఒక అమెరికా స్పోర్ట్స్ కారుని. ఇప్పుడు నన్ను చూస్తే ఆ మాట ఎవరూ నమ్మరు గాని, ఒకప్పుడు నేను రోడ్డు మీదికి వస్తే పక్కన పోయేవాళ్ళు నడక మరిచిపోయేవాళ్ళు. పొడుగాటి ముక్కు, సన్నటి నడుము, మీట లాగితే రెప్పలు తెరిచినట్టు పైకి లేచే దీపాలు. ఇద్దరికి మించి చోటు లేదు. మూడో మనిషికి చోటుంటే నా చుట్టూ ఇన్ని కొట్లాటలు జరిగేవి కావేమో, ఏమో మరి.

మా పేరుతో అప్పటికే రెండు తరాలు వచ్చి వెళ్ళాయి. మాది మూడోది. ఒకే తరమన్నాను గాని, మేమంతా ఒకేలా ఉంటామనుకోకండి. ముందు పుట్టిన అక్కలు పులుల్లా గర్జించేవాళ్ళు. ముందూ వెనకా తళతళలాడే ఉక్కు బంపర్లు ఉండేవి వాళ్ళకి. తర్వాత పెట్రోలుకి కరువొచ్చింది, పొగ మీద చట్టాలొచ్చాయి, ఏటికేడాదీ మా గొంతు నొక్కుతూ వచ్చారు. నేను పుట్టేసరికి ఉక్కు బంపర్లు పోయి రబ్బరులాంటి మెత్తటి తొడుగులు వచ్చాయి. ఇక ఒంటి సంగతంటారా, మా ఇంట ఎవరికీ ఇనపరేకు లేదు. గాజునారని జిగురులో తడిపి అచ్చుపోసిన ఒళ్ళు మాది. దెబ్బ తగిలితే ఇనుము సొట్టపడుతుంది. మేం పగులుతాం.

పగలడం మొదటి యజమాని దగ్గరే నేర్చుకున్నాను. రాయ్ అని, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయి. మనిషి ఇల్లు చేరాడు గాని చేతులు ఇంకా యుద్ధంలోనే ఉండేవి. ఎర్రదీపం దగ్గర వెనకవాడు హారన్ కొట్టాడని దిగి వెళ్ళి, కాలరు పట్టి లాక్కొచ్చి, నా బానెట్ మీద వేసి మొహం చితకబాదాడు. నా తెల్లరంగు మీద ఆ నెత్తురు ఎండి నల్లబడింది. మర్నాడు అవే చేతులతో, పసిపిల్లకి లాలపోసినట్టు నన్ను కడిగాడు. విడిపోయిన రోజున ఆయన భార్య సుత్తి పట్టుకొచ్చింది. ఆయన్ని పల్లెత్తు మాట అనలేదు. నా దీపాలూ అద్దాలూ తలుపులూ వరసగా పగలగొట్టి, చెమట తుడుచుకుని, సుత్తి నా సీట్లోనే పెట్టి వెళ్ళిపోయింది.

నన్ను కొని బాగుచేయించుకున్న మరో దొర ఉద్యోగం మీద మద్రాసు వస్తూ ఓడలో వెంట తెచ్చుకున్నాడు. తిరిగి పోతూ ఒక తెలుగు సినిమా నిర్మాతకి అప్పగించాడు. అక్కడ హీరోగారికి నా వెనక బంపరు నచ్చలేదు. పత్రికలో మా పెద్దక్క ఫోటో చూపించి, అలా మెరవాలన్నారు. ఇంకేం, రబ్బరు తొడుగుకి దట్టంగా వెండిరంగు పూశారు. దూరంనుంచి ఉక్కే అనుకోవాలి. దగ్గరనుంచి కూడా అలాగే అనుకున్నారు, అదే వచ్చిన చిక్కు.

ఆ సినిమాలో నా పని దెబ్బలు తినడం. రౌడీలు ఇనపకడ్డీలతో నన్ను కొట్టేవాళ్ళు, సాయంత్రానికి అతుకులు వేసి రంగు పూసేవాళ్ళు, పొద్దున్నే మళ్ళీ కొట్టేవాళ్ళు. చివరికి క్వారీ షాట్ వచ్చింది. బ్రేకులు తెగిన కారులో హీరోయిన్ రాతిక్వారీ అంచుదాకా దూసుకొచ్చి, సరిగ్గా అంచున ఆగాలి. ఆపడానికి నా వెనక ఉక్కు వైరు ఉంటుంది. దాని రెండో కొస నేలలో పాతిన దూలానికి కడతారు. హీరోయిన్ బదులు స్టీరింగు పట్టేది సామ్రాజ్యం.

సామ్రాజ్యానిది ఏలూరు. తిరణాళ్ళలో చెక్కబావి గోడల మీద మోటారుసైకిలు గిర్రున తిప్పే మనిషి. ఆ పనిలో వాళ్ళ పద్ధతి ఒకటుంది. ఎవరి బండి నట్లు వాళ్ళే బిగించుకోవాలి, కన్నతండ్రి బిగించినా మళ్ళీ తన చేత్తో చూసుకోవాలి. మద్రాసు వచ్చి హీరోయిన్లకి డూపుగా దూకింది, దొర్లింది, రెండుసార్లు కాలింది. అయినా ఫైటర్ల సంఘం ఆడదానికి కార్డు ఇవ్వలేదు. కార్డు లేకపోతే కాలు విరిగినా అడిగే నాథుడుండడు. ఈ ఒక్క షాట్ చేస్తే కార్డు కాగితం మీద తానే సంతకం పెడతానని ఫైట్ మాస్టరు పరాంకుశం మాటిచ్చాడు. ఆ మాట పట్టుకుని వచ్చింది పిచ్చితల్లి.

ఆ పొద్దున నా నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. వైరు కట్టే వీరాస్వామి నా వెనకనుంచి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. సామ్రాజ్యం హీరోయిన్ విగ్గు సర్దుకుంటూ, వైరు ఎక్కడ తగిలించావని అడిగింది.

"బంపరుకే అక్కా. అంబాసిడర్‌కి ఇట్టాగే కడతాం. లారీని లాగినా రాదు."

ఆమె తలుపు తీసి ఒక కాలు కింద పెట్టింది. "ఉండు, ఒకసారి చూసుకుంటా."

పరాంకుశం కుర్చీలోంచి కదలలేదు. సొంత మోకాట్లో ఇనపకడ్డీ వేయించుకున్న పాతకాలం మనిషి ఆయన. "ఏమ్మా, మా ఫీల్డులో కట్టినోడి మొహం చూస్తారు గాని ముడి చూడరు. నా మనిషి మీద అనుమానముంటే దిగిపో. విగ్గు పెట్టుకోడానికి మగపిల్లలు బోలెడుమంది ఉన్నారు."

నాకు నోరుంటే అరిచేదాన్ని. సామ్రాజ్యం కింద పెట్టిన కాలు వంక కాసేపు చూసుకుంది. తర్వాత ఆ కాలు లోపలికి తీసుకుని తలుపు వేసుకుంది.

నిమ్మకాయలు చితికాయి. నాలో మిగిలిన బలమంతా లాగి పరుగెత్తించింది. అంచు దగ్గర వైరు బిగుసుకుంది. నా వీపున చర్మం ఒలిచినట్టు చర్రుమని చిరిగింది, అంతే. వెండిరంగు తొడుగు వైరుతో వెనక్కి పోయింది, మేమిద్దరం ముందుకి పోయాం.

గాలిలో ఆమె బ్రేకు తొక్కలేదు, అరవలేదు. స్టీరింగు మీదకి వంగి తల దాచుకుంది. కింద రాతిమెట్టు మీద ముక్కుతో పడ్డాను. ఒళ్ళంతా పెంకుల్లా ఎగిరిపోయింది. రెండు దొర్లు దొర్లాం. పైకప్పు చుట్టూ నేను దాచుకున్న ఉక్కు పంజరం ఒకటుంది, అది మాత్రం నిలబడింది. ఆమె భుజం ఎముక విరిగి చర్మంలోంచి పొడుచుకొచ్చింది. గాజుపెంకు చెంపని చెవిదాకా చీల్చింది. పైన కెమెరా దగ్గర చప్పట్లు కొట్టారు. షాటే అలా ఉందనుకున్నారట.

నెత్తురోడుతూ, ఒంటిచేత్తో రాళ్ళు పట్టుకుని పైకెక్కింది. పరాంకుశం అప్పటికే వీరాస్వామిని నేలమీద పడేసి బూటుకాలితో డొక్కలో తంతున్నాడు. ఫైటర్లంతా చూస్తూ నిలబడ్డారు. ఆమె వెళ్ళి ఆ కాలికి అడ్డంగా కూలబడింది.

"వాణ్ణి కొట్టకండి మాస్టరుగారూ. వాడికి తెలిసినట్టే వాడు కట్టాడు. నన్ను చూసుకోనివ్వనిది మీరు."

ఎత్తిన కాలు ఎక్కడ దించాలో ఆయనకి తోచలేదు.

నా ముక్కల్ని లారీలో వేసి స్టూడియో వెనక పారేశారు. పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి, ఇంజను విప్పుకుని, ఇనుము కాని ఈ ఒళ్ళు ఎందుకూ పనికిరాదని వదిలేశారు. ఆ చెత్త పక్కనే కూర్చుని ఫైటర్లు టీ తాగుతారు కాబట్టి సంగతులన్నీ నాకు తెలిసేవి. మాస్టరు ఆస్పత్రికి కార్డు కాగితం తీసుకెళ్ళాడట. తానెక్కే ప్రతి బండి కిందా తాను దూరి చూస్తాననీ, దానికి ఒప్పుకుంటేనే సంతకం పెట్టమనీ ఆమె అందట. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాడట. ఇక ఆమె పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను.

వానలు వెళ్ళాక ఒకరోజు నా ఎదురుగానే షూటింగు పెట్టారు. ఏదో కొత్త కారు, అదే ఉక్కు వైరు. పట్టుచీర కట్టుకుని సామ్రాజ్యం వచ్చింది. చెంప మీద కుట్ల గీత, ఒక భుజం కిందికి వాలి ఉంది. కార్డు వచ్చిందో లేదో ఎవరూ అనలేదు. ఆమె మాత్రం ఎవరి అనుమతీ అడగలేదు. చీరకి మట్టి అంటుతుందని బట్టలవాడు మొత్తుకుంటున్నా నేలమీద వెల్లకిలా పడుకుని కారు కిందికి దూరింది. వైరు గుంజిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. పరాంకుశం కుర్చీలోంచి లేచాడు. జేబులోంచి నలిగిన కాగితం తీసి, కారు బానెట్ మీద పరిచి, సంతకం పెట్టాడు.

ఆ తర్వాతి షాట్ ఒక మీసాల ఫైటరుది. ఎక్కబోతూ ఆగి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, మెల్లిగా కారు కిందికి తొంగిచూశాడు. వాడు చూడటం అయ్యేదాకా మాస్టరు అటు తిరిగి, కెమెరా మనిషితో ఎండ గురించి మాట్లాడుతూ నిలబడ్డాడు.