లారీకి పెట్టిన పారాణి

"ఘాటీ మలుపులో బ్రేకు తెగిపోతే ఏటవుతాది?" అన్నాను నేను.

అప్పటికి లారీ మా ఇంటికి రానేలేదు. యుద్ధం ముగిశాక విశాఖపట్నంలో మిలటరీ లారీలు వేలం వేస్తున్నారనీ, ఒకటి కొందామనీ మా అబ్బాయి కాశీవిశ్వనాథం అన్నాడంతే. అన్నం కలుపుతున్న మా వారు నగరేశ్వరరావుగారు చెయ్యి ఆపారు. నేను మాత్రం ఆ పాటికే పిల్లాణ్ణి సాలూరు ఘాటీ మీంచి లోయలో పడేసి, పదిమందిని దింపి వెతికించి, దొరక్క గుండెలు బాదుకుంటున్నాను.

"ఇంకా కొన్లేదు కదమ్మా," అన్నాడు వాడు.

"కొన్నాక అడిగితే లాభమేటి?"

బొబ్బిలి బజారులో మాది ఉప్పు, బెల్లం, చింతపండు, కొబ్బరికాయల దుకాణం. ఉప్పూ బెల్లమూ బళ్ల మీద కొండమీదికి పంపడం, అక్కణ్ణించి చింతపండూ, అల్లమూ, పసుపూ దింపుకోవడం. మా మామగారి కాలం నుంచీ ఎద్దులే లాగాయి. ఎద్దు అలిసిపోతే కూర్చుంటుంది గాని పేలిపోదని మా వారి వాదన. వద్దు వద్దంటూండగానే అబ్బాయి లారీ తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. ఆ రోజుతో తండ్రి కొడుకుతో మాట మానేశారు.

మానేశారంటే పూర్తిగా మానలేదు. నా ద్వారా మాట్లాడేవారు. ఇద్దరూ ఒకే అరుగు మీద మోకాలికి మోకాలు తగిలేటట్టు కూర్చుని, "నీ కొడుకుతో సెప్పు," అని ఒకరూ, "నాన్నతో సెప్పమ్మా," అని ఇంకొకరూ. నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, ఇద్దరూ విన్నదాన్నే మళ్లీ ఇద్దరికీ చెప్పేదాన్ని. తపాలా బంట్రోతుకైనా ఆదివారం సెలవుంటుంది.

ఇక లారీ సంగతి. ఊళ్లో ఉన్న ఒకటీ అరా లారీలు పెట్రోలు తాగితే, ఇది డీజిలు నూనె తాగేది. పొద్దున్నే లేపితే క్షయ పట్టినవాడిలా దగ్గి, ఎదురింటి వాళ్ల వడియాల మీద మసి ఊదేది. దాన్ని నడపడానికీ, చెడితే బాగు చెయ్యడానికీ అప్పలసూరి అనే అతను కుదిరాడు. యుద్ధంలో మిలటరీ లారీలు నడిపానని చెప్పుకునేవాడు. ఏ పక్షం వాళ్లవి నడిపాడో మాత్రం అనుమానమే.

లారీ బయలుదేరే రోజు నాకు అన్నం సయించేది కాదు. నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టేదాన్ని. అవి చితికిన చప్పుడు వింటే మనసు కాస్త కుదుటపడేది. మా వారికి అలాంటి బాధలేమీ లేవు. సరిగ్గా అదే రోజు దుకాణం నుంచి పగిలిన కొబ్బరికాయ ఒకటి తెచ్చి, "ఇది అమ్ముడుపోదు, పచ్చడి చెయ్యి," అనేవారు. కొడుకు లోయ అంచున తిరుగుతూంటే తండ్రికి కొబ్బరి పచ్చడి. పోపు వేస్తూ కళ్లు తుడుచుకునేదాన్ని. మిరపకాయల ఘాటనుకునేవారు.

నేను భయపడ్డవేవీ జరగలేదు. నాకు తోచనిది జరిగింది. లారీ నీళ్లు తాగడం మొదలెట్టింది.

ఇంజను వేడెక్కకుండా దాని ముందర రేడియేటరని ఒక పెట్టె ఉంటుంది. అందులో నీళ్లు పోస్తే అవి ఇంజను చుట్టూ తిరిగి, వేడి మోసుకొచ్చి, పెట్టెలో చల్లారి మళ్లీ వెళతాయి. ఆ నీళ్లు తగ్గకూడదు. మా లారీ మాత్రం సాలూరు దాటి ఎత్తు ఎక్కేసరికి పెట్టె ఖాళీ చేసి, కాగిన డేగిసాలా పొగలు కక్కుతూ నిలబడిపోయేది. అబ్బాయీ అప్పలసూరీ కిరసనాయిలు డబ్బాలు పట్టుకుని గెడ్డల్లోకి దిగి నీళ్లు మోసేవారు. నీళ్లు లేకుండా ఇంకాస్త దూరం నడిపితే ఇంజను బిగుసుకుపోయి ఇనుపముద్ద అవుతుందట. ఆ మాట నా ముందు అని ఉండాల్సింది కాదు.

ఇంటికొచ్చాక చూస్తే ఎక్కడా చుక్క కారదు. రాత్రి పోసిన నీళ్లు పొద్దుటికి పోసినట్టే ఉంటాయి. దాహం వేసిందేమోనని, వేసవిలో ఎద్దుకు పోస్తాం కదా, కాస్త తరవాణి పోద్దామన్నాను. పులిసిన గంజి పోస్తే రేడియేటరు గొట్టాలన్నీ మెతుకులతో నిండి చస్తాయని అబ్బాయి కేకలేశాడు. నన్ను ఆ మూత ముట్టుకోవద్దన్నాడు.

అప్పలసూరి మొదట రబ్బరు గొట్టం మీద నేరం మోపాడు. కొత్తది బిగించాడు. లారీ మళ్లీ ఘాటీలో ఆగింది. తర్వాత నీళ్లు తిప్పే పంపన్నాడు. దాని ఇరుసు చుట్టూ గ్రీసు రాసిన తాడు కొత్తగా చుట్టాడు. మళ్లీ ఆగింది. చివరికి గొంతు తగ్గించి, ఇంజను తల కింద వేసే గ్యాస్కెట్టు కాలిపోయిందేమోనన్నాడు.

"అదైతే నీరు లోపల్నించే ఇంజను నూనెలోకి పోతాది అమ్మగోరూ. నూనె మజ్జిగలా తెల్లగైపోతాది."

ఆ రోజు నుంచి నేను స్నానం చెయ్యగానే మొదట దేవుడి గదికి కాదు, లారీ దగ్గరికి వెళ్లేదాన్ని. నూనె కొలిచే పుల్ల లాగి, వెలుతురుకు పట్టి, మజ్జిగ కాలేదు కదా అని చూసుకునేదాన్ని. తోడు పెట్టిన పాల మీద కూడా ఎప్పుడూ అంత బెంగ పడలేదు. నూనె నల్లగానే ఉండేది. పొగగొట్టంలోంచి తెల్లపొగా రావడం లేదు. అయితే గ్యాస్కెట్టు కాదని అప్పలసూరి తేల్చాడు. ఏది అవునో మాత్రం తేల్చలేదు.

ఆ సాయంత్రం మా వారు అరుగు మీద కూర్చుని, పక్కనే ఉన్న కొడుకును వదిలేసి, నాతో అన్నారు:

"నీ కొడుకుతో సెప్పు. ఇంకొక్కసారి అది ఘాటీలో ఆగిందంటే, ముక్కలు కొట్టించి పాత ఇనుము కింద తూకం వేసేస్తాను."

అబ్బాయి లేచి లోపలికి వెళ్లిపోయాడు. "నాన్నతో సెప్పు" అని కూడా అనలేదు. తెల్లవారితే ఉప్పు బస్తాలతో మళ్లీ ఘాటీ ఎక్కాలి. లారీ పోతే నాకు హాయే, ఘాటీ భయం తప్పుతుంది. కానీ దాన్ని ముక్కలు చేస్తే వీళ్లిద్దరూ నా నోటి ద్వారా కూడా మాట్లాడుకోరు. ఆ భయం ముందు ఘాటీ భయం చిన్నదైపోయింది.

మర్నాడు బస్తాలు ఎక్కించే ముందు అప్పలసూరి కడపటి ఉపాయం చేశాడు. ఇంజనంతా తుడిచి, గోడకు వేసినట్టు పలుచగా సున్నం పూశాడు. ఆరాక ఇంజను నడిపి వేడెక్కిస్తే, నీరు ఎక్కడ చెమర్చితే అక్కడ సున్నం తడిసి మరక పడుతుందట. మిగిలిన సున్నం పారబొయ్యడం ఎందుకని రేడియేటరు వెనకవైపు కూడా రాశాడు. సున్నం ఆరేలోగా అతనూ అబ్బాయీ చద్దన్నానికి కూర్చున్నారు.

నేను మూత తీశాను. పసుపు వెయ్యకుండా కొత్త కుండలో కూడా నీళ్లు పోయం. ఇన్నాళ్లూ ఈ పెట్టెలో వట్టి నీళ్లు పోస్తున్నారు, మరి అరిష్టం కాదూ? కొండ పసుపు గుప్పెడు తెచ్చి, అందులో వేసి, మూత బిగించి, ఏమీ ఎరగనట్టు వచ్చి వాళ్లకు ఉల్లిపాయ వడ్డించాను.

ఇంజను లేపారు. చాలాసేపు ఏమీ లేదు. బాగా వేడెక్కాక తొంగిచూశాను. తెల్లటి ఇంజను మీద ఎర్రటి చుక్కలు. ఒకటీ రెండూ కాదు, చిలకరించినట్టు. అవి నెత్తుటి చుక్కలేనని, మా పిల్లాడికి జరగబోయేది లారీ ముందే చూపిస్తోందనీ అనుకుని, కూలబడి ఏడుపు మొదలెట్టాను.

అప్పలసూరి వేలితో అద్ది, వాసన చూసి, కడుపు పట్టుకుని నవ్వాడు.

"నెత్తురు కాదమ్మగోరూ, పారాణి. సున్నం మీద పసుపునీరు పడ్డాది. పెళ్లికూతురుని సేసేసినారు మా లారీని."

మూత ఎవరు తీశారని అబ్బాయి నన్ను ఎగాదిగా చూశాడు గాని, తిట్టడానికి తీరిక లేకపోయింది. ఇద్దరూ ఎర్రచుక్కల వెంట పడ్డారు. ఇంజను మీదివన్నీ పంకా గాలి విసిరిన తుంపరలే. అందుకే ఇన్నాళ్లూ ఘాటీలో ఆగినప్పుడల్లా ఇంజను ఒళ్లంతా తడిగా ఉండి, పాపం గొట్టం మీదికీ పంపు మీదికీ పోయింది. చుక్కలు దట్టమవుతూ పోయి పోయి రేడియేటరు అడుగున ఆగాయి. అక్కడ రెండు రేకులు అతికిన కీలు వెంట ఎర్రటి గీత, కాలికి అంచు దిద్దినట్టు. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని, వేడెక్కితే విచ్చుకునే పగులు.

బస్తాలు ఆపేసి రేడియేటరు ఊడదీశారు. బిందెలకు మాటు వేసే కంచరి నూకయ్యకు కబురు పెడితే, కుంపటి పట్టుకొచ్చి మా వాకిట్లోనే కూర్చున్నాడు. పగులు గీకి, కాల్చి, తగరంతో మాటు వేశాడు. నీళ్లు పోసి చూస్తే చెమ్మైనా లేదు. నా ప్రాణం లేచొచ్చింది. అంతలోనే నూకయ్య రేడియేటరును ముందువైపుకు తిప్పి, అడుగున పడ్డ సొట్టలు తడిమి, సన్నరేకుల సందులోంచి ఏదో పీకాడు. కొబ్బరి చిప్ప ముక్క. దాని వెంట పీచు.

"కీలు దానంతటది ఇడిపోలేదు బాబూ," అన్నాడు. "ఎవలో దీన్ని కొబ్బరికాయల్తో కొడతన్నారు."

అందరూ నా వైపే చూశారు. చూడరూ మరి. నావి నిమ్మకాయలేనని, కావాలంటే చక్రాలను అడగమని అన్నాను. తనకు కాయ దొరికితే కొట్టనని, తినేస్తానని అప్పలసూరి అన్నాడు. అది నిజమే. ఊళ్లో ఇంకెవరికి పట్టింది మా లారీ క్షేమం అనుకుంటూండగా, నా నాలిక మీదికి కొబ్బరి పచ్చడి రుచి వచ్చింది. లారీ వెళ్లే ప్రతిరోజూ పచ్చడి. లారీ వెళ్లే రోజే పగిలే కొబ్బరికాయ.

తల తిప్పి అరుగు వైపు చూశాను. నా చూపు వెంట అబ్బాయి కూడా చూశాడు. మా వారు స్తంభానికి ఆనుకుని, ఎదురింటి పెంకుల్ని ఎన్నడూ చూడనట్టు చూస్తున్నారు.

అబ్బాయి నన్ను చెప్పమనలేదు. నేరుగా అడిగాడు.

"నాన్నా, నువ్వేనా?"

నూకయ్య పట్టుకారు ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. అప్పలసూరి తనకు సంబంధం లేనట్టు నట్లు ఏరుకుంటూ, ఏరినవే మళ్లీ ఏరాడు. నేను కల్పించుకుని ఏదో చెప్పబోయి, మొదటిసారిగా నోరు మూసుకున్నాను. ఆయన పై పంచె సర్దుకున్నారు. మళ్లీ పెంకుల వైపు చూశారు.

"బంపరనుకున్నానురా," అన్నారు చివరికి, కొడుకుతోనే. "తెల్లారకముందు అన్నీ ఒకేలా ఉంటాయి. రేపు ఎక్కడ కొట్టాలో నువ్వే సూపించు."