దీవి గవర్నరు గారు

గవర్నరు గిరీ అంటే ఎవరికి చేదు? విజయభాస్కర్‌కి మాత్రం ఆ వారమంతా గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టే ఉంది.

విశాఖలో పుట్టి, పదేళ్ళప్పుడు తండ్రి వెంట సిడ్నీ వచ్చినవాడు. పంతొమ్మిదేళ్ళు ఆస్ట్రేలియా నౌకాదళంలో అరిగిపోయి కమాండరయ్యాడు. జనవరిలో ఒక యుద్ధనౌక అతని చేతికి రావాలి. ఇన్నేళ్ళ పడిగాపులూ దానికోసమే. సరిగ్గా ఇప్పుడే, తొంభైతొమ్మిది నవంబరులో, ప్రభుత్వం వాళ్ళు పిలిచి, రెండువేలమంది జనం ఉన్న ఓ దూరపు దీవికి పాలకుడిగా వెళతావా అన్నారు. దొరల కాలంనాటి పదవి. బంగళా, జెండా, డ్రైవరు. శుక్రవారం మధ్యాహ్నం లోపు జవాబు చెప్పాలి.

వెళితే రెండేళ్ళు సముద్రానికి దూరం. ఒడ్డెక్కినవాణ్ణి నౌకాదళంలో ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఒడ్డు మీద కన్నుందని పొక్కినా చాలు, ఓడ ఇంకొకరికి పోతుంది. అందుకే భార్య జయశ్రీకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఇక చూడాలి ఆ మనిషి అవస్థ! సిడ్నీ శివారు టూంగాబీలోని ఇంట్లో వంటగదికీ పెరటికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. టీ పెట్టుకుని తాగడం మరిచాడు. పదవి మీద ఆశ లేదా అంటే, ఎందుకు లేదూ! అద్దంలో రెండుసార్లు గవర్నరులా నవ్వి చూసుకున్నాడు కూడా. కానీ గురువారం పొద్దున లేచేసరికి మనసు తేల్చేసింది. ఓడే కావాలి.

"జయా, నో చెప్పేస్తున్నాను."

బ్యాంకులో కంప్యూటర్లను రెండువేల సంవత్సరానికి సిద్ధంచేసే వైటూకే పనికి బయల్దేరుతున్న జయశ్రీ గుమ్మంలో ఆగిపోయింది. "రేపు ఆర్వో దాకా టైముంది కదండీ?"

అంతలో ఫోను మోగింది. తెలుగు సంఘం కార్యదర్శి కోటేశ్వరరావు అంకుల్.

"ఏవోయ్ గవర్నరూ! మాతో ఒక్క ముక్క చెప్పొద్దటోయ్? మన ఈమెయిల్ లిస్టులో మొన్నే పెట్టేశాను, నాలుగొందల మందికి! సండే బార్బీ విందు, సన్మానం. శాలువా కూడా కొనేశాం!"

విజయభాస్కర్ ఫోను పెట్టేశాడు. ఆ నాలుగువందల్లో సగం వైటూకే కుర్రాళ్ళే. నౌకాదళం ఆఫీసులోనే ముగ్గురున్నారు. మనవాడే అన్న గర్వంతో ఏ పుణ్యాత్ముడో దాన్ని ఇంగ్లీషు చేసి ఊరంతా చూపించి ఉంటాడు. గబగబా అడ్మిరల్‌కి ఫోన్ చేశాడు.

"కంగ్రాచ్యులేషన్స్! టీ గది బోర్డు మీద చూశాను," అన్నాడాయన ఇంగ్లీషులో, మర్యాదగానే. "నీ ఓడ నిన్ననే ఇంకొకరికి ఇచ్చేశాం."

"నేను ఒప్పుకోలేదు సార్."

"అయితే ఇప్పుడు ఒప్పుకో."

పంతొమ్మిదేళ్ళ చాకిరీ ఒక్క ఈమెయిల్‌తో గంగలో కలిసింది!

"అంకుల్‌కి ఎవరు చెప్పారు?" అని గుమ్మం వైపు తిరిగాడు.

"నేనే," అంది జయశ్రీ.

"నోరు జారావా?"

"లేదండీ, తెలిసే చెప్పాను. పాప పుట్టినప్పుడు మీరు సముద్రంలో. మా అమ్మ పోయినప్పుడు సముద్రంలో. అడిగితే ఓడే అంటారు. అందుకే అడగలేదు."

అరుద్దామని నోరు తెరిచాడు. వారం రోజులుగా తానూ ఆమెను ఏమీ అడగలేదని అప్పుడు తట్టింది. తట్టినా కోపం చల్లారలేదు. ఆ కోపంతోనే, పదవి ఇస్తామన్న మంత్రిగారి ఆఫీసుకి ఫోన్ చేసి, సరే, వెళతానన్నాడు.

"ఒక్కరేనా, కుటుంబంతోనా?" అని అడిగింది అవతలి గొంతు.

ఫోను మీద చెయ్యి అడ్డుపెట్టాడు. "వస్తావా?"

జయశ్రీ కళ్ళు తుడుచుకుంది. "రాకపోతే ఇంత పాపం ఎందుకు చేస్తానండీ?"