చెవులపిల్లి గుట్ట మీద దాగుడుమూతలు

కోస్గి అవతలి చెవులపిల్లి గుట్టకు ఇప్పుడు కుందేలు పేరులోనే మిగిలింది. వానలకు మొక్కలు నాటించాలని అటవీ బీటు ఆఫీసరు భిక్షపతి పొదలన్నీ కొట్టించాడు, పడిన కొమ్మలన్నీ ఏరించాడు. ఉత్తరపు వాలున ఒక్క రేగుపొదల గుంపు నిలిచింది. ఈ ఉదయం రేంజరు ప్రేమ్‌సాగర్ చూసి సరేనంటే అదీ పోతుంది.

అది పోకూడదని మనీష పట్టు. పాలమూరు కాలేజీలో జంతుశాస్త్రం చదివే ఆ పిల్ల, చిన్న జీవాలకు ఆ పొదలే ఇల్లని చూపేందుకు వేయించిన పల్లీలు ఎరవేసి, ముందుసాయంత్రం బయట కొన్ని, పొదల్లో కొన్ని రేకుబోన్లు పెట్టింది. తెల్లవారి చూస్తే బయటివి ఖాళీ, పొదల్లోవి గలగల. లోపల చిట్టెలుకలు గంతులేస్తుంటే ఆమె గుండె కూడా గంతులేసింది. ఆ ఉబలాటంలో నిండు బోన్లన్నిటినీ మోసుకొచ్చి, రేంజరు సారు కళ్లబడేలా బోడినేల నడుమ గోపురంలా పేర్చింది. పల్లీల వాసన సారుకన్నా ముందు మేకలకు తెలుస్తుందని ఆమెకు తోచలేదు.

రేంజరు జీపు దిగి, నున్నటి నేలను మెచ్చుకున్నాడు. భిక్షపతి మురిసిపోయాడు.

“వాకిలి లెక్క ఊడిపిచ్చిన సారు. దేవులాడినా పుల్ల దొరకది.”

సరిగ్గా అప్పుడే మేకలు కాసే మల్లీశ్వరి తన మందతో గుట్ట దిగింది. ముందున్న మేకపోతు గోపురంలో మూతి పెట్టింది. బోన్లు దొర్లాయి, తలుపులు తెరుచుకున్నాయి, ఎలుకలు ఉరికాయి. కుడికి ఉరికితే పొద లేదు, ఎడమకు ఉరికితే కొమ్మ లేదు, ఎటు ఉరికినా ఆకైనా లేదు. ఆ బయలంతటిలో దూరేందుకు చీకటి సందులు రెండే: సారు ప్యాంటు కాళ్లు.

సారు ఎగిరాడు, గిర్రున తిరిగాడు, జీపు బానెట్ ఎక్కాడు. ఆయనతోపాటు అవీ ఎక్కాయి. తోలుదామని భిక్షపతి పుల్ల కోసం నాలుగు దిక్కులా వెతికాడు. దొరకలేదు.

మల్లీశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“జర కదలకుండ నిలవడుండ్రి సారు. వాటి ఇండ్లు పీకేస్తిరి, మీ ప్యాంట్లకు కిరాయికొచ్చినయ్.”

సారుకు చెప్పాలని రాత్రంతా వల్లెవేసిన మాటల్లో మనీషకు ఒక్కటీ గుర్తు రాలేదు. నవ్వుతో కళ్లనీళ్లు కారుతుండగా రేగుపొదలవైపు చేయి చూపింది, అంతే. ప్రేమ్‌సాగర్ ఆ చేతినీ, పొదలనూ, తన మోకాళ్లనూ వరుసగా చూశాడు.

“భిక్షపతీ, గా పొదల జోలికి పోకు. ఏరిన కొమ్మలు గూడ మళ్ల తెచ్చి కుప్పలెయ్యి. అవి ఆడ్నే ఉండాలె, నా తాన గాదు.”

చివరి చిట్టెలుక మేజోడులోంచి దూకి రేగుపొదల్లోకి మాయమైంది. సారు ప్యాంటు దులుపుకుంటే ఒక పల్లీగింజ రాలింది. మేకపోతు దాన్ని వదల్లేదు.