పెద్దులు కొట్టని మందు

పెద్దులు పంపు మూతి విప్పి, పుల్లతో గసి తీసి, మళ్లీ బిగించాడు. వీపుకు తగిలించుకుంటే పట్టీలు భుజాలు కాయలు కాసిన చోటే కూర్చున్నాయి. ముప్పై ఏళ్లుగా మోత్కూర్ పక్కన ఆ ఊళ్లో ఎవరి చేనుకు మందు కొట్టాలన్నా అతనికే కబురు. గోళ్లు పసుపుబారాయి. మందు వాసన అతని ముక్కుకు తెలియడం ఎప్పుడో మానేసింది.

ఈ శుక్రవారం మాత్రం నర్సింగమ్మ చిక్కుడు పందిరి వైపు అడుగు పడటం లేదు. నిరుడు అదే పందిరికి పేనుబంక పట్టింది. బంక మధ్యలో నల్లటి ముళ్ల పురుగులు తిరుగుతుంటే, ఆకు తినేది ఇవేననుకుని రెండింతలు మందు కొట్టాడు. పది రోజులకు బంక మళ్లీ కమ్మి కాత మొత్తం పోయింది. నర్సింగమ్మ ఒక్క మాట అనలేదు. దానికే అతనికి తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈసారీ బంక పడితే, మొన్న సోమవారం ఆ పందిరి దగ్గరే మందు కలపబోతూ ఒక నల్ల పురుగును వేలి మీదికి తీసుకున్నాడు. వేలికంటిన బంకను అది ఒక్కొక్కటే పట్టి తినేసింది. వ్యవసాయాఫీసు సుహాసిని మేడంకు ఫొటో పంపితే, అది ఎర్రటి వీపు మీద నల్ల చుక్కలుండే అక్షింతల పురుగు పిల్లేనని చెప్పింది. పెద్దులు నర్సింగమ్మ దగ్గరికి నడిచాడు.

"అక్కా, నాలుగు రోజులు ఆగు. గివి బంకను తింటున్నయి" అన్నాడు.

"నిరుడు నీ మాటే ఇన్న, ఇప్పుడు గూడ ఇంట. శుక్రారం పంపు తీస్కరా. బంక ఉంటే కొట్టు" అంది నర్సింగమ్మ.

ఇప్పుడు ఆమె పక్కన నిలబడి ఆకు తిప్పాడు. బంక లేదు. ఇంకో ఆకు, ఇంకో తీగ చూశాడు. కొత్త చిగుళ్లు నిటారుగా ఉన్నాయి.

"కాత నిలవడ్డది తమ్మీ, నీ పుణ్యమాని."

"నాదేముందక్కా. నేను సంపినోణ్ని, ఇవి బతికిచ్చినయి."

"ఎల్లుండి కాయ తెంపనీకి రా" అని ఆమె నీళ్లు పెట్టడానికి వెళ్లింది.

పెద్దులు పంపు దించి పందిరి కింద కూర్చున్నాడు. కళ్ల ముందే, నల్ల ముళ్ల పురుగు ఆకుకు అతుక్కుని మారిన చిన్న గూడు పగిలి, చుక్కల్లేని లేత పసుపు పురుగు బయటికొచ్చింది. అతను అక్కడే సద్ది తిని, కునుకు తీసి లేచేసరికి దాని వీపు ఎర్రబడి చుక్కలు తేలాయి. ఎన్నింటిని చంపాడో గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. వాటికి తన మీద పగ లేనందుకు చేతులు జోడించాడు.

పురుగు రెక్కలు విప్పి పక్క చేను వైపు ఎగిరిపోయింది. ఆకు మీద దాని వట్టి గూడు, నడుమ చీలి, తేలిగ్గా అతుక్కుని ఉంది.