పెద్దల్లుడు చూసి పంపిన స్క్రీన్

తోడల్లుళ్ళిద్దరూ ఒకే ఆఫీసులో, అందులోనూ పక్కపక్క కుర్చీల్లో పనిచేయకూడదు. పెద్దల్లుడికి ఈ జ్ఞానం ఆలస్యంగా కలిగింది. చిన్నల్లుడిని ఆ ఉద్యోగంలో పెట్టించింది తనే మరి. ఇంట్లో భార్య పోరు పడలేక మేనేజరు చెవిన ఓ మాట వేస్తే, వచ్చినవాడు ఏకై వచ్చి మేకై కూర్చున్నాడు. కొత్త పనులన్నీ వాడికే, మేనేజరు మెచ్చుకోళ్ళూ వాడికే.

అదైనా ఓర్చుకునేవాడేమో. మామగారు కూడా వాడినే నెత్తిన పెట్టుకోవడం మాత్రం మింగుడుపడలేదు. మామగారు డ్రైవింగ్ నేర్పే మాస్టారు. నోరు తెరిస్తే గేర్లూ బ్రేకులే. చిన్నల్లుడు గుమ్మంలో కనపడితే చాలు, "రారా, టైముకొచ్చావు" అంటారు. పెద్దల్లుడికి మాత్రం "రండి బాబూ, కూర్చోండి." ఫ్యాను కూడా ఆయనే లేచి వేస్తారు. ఆ 'రండి' విన్నప్పుడల్లా పెద్దల్లుడి కడుపులో కుంపటి రాజుకునేది. సొంతవాడికి ఎవరైనా లేచి ఫ్యాను వేస్తారా? చుట్టానికి వేస్తారు.

ఇలా ఉండగా ఒక కళ్ళజోళ్ళ షాపుకి ఆర్డర్లు రాసుకునే కంప్యూటర్ ప్రోగ్రామ్ చేసిచ్చే పని చిన్నల్లుడికి వచ్చింది. ఆ ఆఫీసులో ఎవరు ఏది రాసినా ఇంకొకరు చూసి 'సరే' నొక్కనిదే బయటికి పోదు. ఈసారి చూసే వంతు పెద్దల్లుడిది.

చూశాడు. భూతద్దం పెట్టి మరీ వెతికాడు. స్క్రీన్ మీద అద్దాల రకం ఎంచుకోవడానికి ఒక డ్రాప్‌డౌన్, అంటే నొక్కితే కిందికి తెరుచుకునే జాబితా, ఉంది: దగ్గరి చూపు, దూరపు చూపు, రెండూ. అందులో ఎంపిక మారగానే ప్రోగ్రామ్‌కి కబురు అందుతుంది, అది వెంటనే ఆర్డరులో రాసేస్తుంది. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ కబురు మనిషి నొక్కినప్పుడే రావాలని లేదు. పాత ఆర్డరు తెరిచినప్పుడు ప్రోగ్రామ్ ఆ డ్రాప్‌డౌన్‌ని మళ్ళీ నింపుతుంది. నింపగానే మొదటి వరుస దానంతటదే ఎంపికవుతుంది. అప్పుడూ అదే కబురు పోతుంది. ఎవరూ ఏమీ ముట్టుకోకుండానే 'రెండూ' అన్న ఆర్డరు 'దగ్గరి చూపు' అయి కూర్చుంటుంది. కొత్త ఆర్డర్లతోనే పరీక్షించుకున్న చిన్నల్లుడికి ఇది కనపడలేదు. 'ఇంకా నింపుతున్నాను, ఆగు' అని చెప్పే ఒక్క లైను రాస్తే పోయేది. కొత్తలో పెద్దల్లుడు కూడా చేసిన తప్పే ఇది.

ఆ ఒక్క లైను సంగతి చెప్పడానికి అతనికి నోరు రాలేదు. షాపువాళ్ళు వచ్చి మేనేజరు ముందు వాణ్ణి దులిపేస్తుంటే చూడాలని ఉంది.

"ఎలా ఉందన్నయ్యా?" అని చిన్నల్లుడు కుర్చీ దగ్గరికి జరుపుకుని అడిగాడు.

"నీ పనికి వంకేముంటుంది" అన్నాడు పెద్దల్లుడు, 'సరే' నొక్కుతూ.

చిన్నల్లుడు పొంగిపోయాడు. ఆ పొంగు చూసి కూడా పెద్దల్లుడికి ఒళ్ళు మండింది.

ఎదురుచూసిన గొడవ షాపు నుంచి రాలేదు. మామగారి దగ్గర్నుంచి ఫోను వచ్చింది. ఆదివారం అల్లుళ్ళిద్దరినీ రమ్మన్నారు.

వెళ్ళేసరికి ఆయన కొత్త కళ్ళజోడు పెట్టుకుని హాల్లో కూర్చున్నారు. గుమ్మంలో నిలబడ్డ అల్లుళ్ళ వైపు కళ్ళు చికిలించి, "ఎవరూ?" అన్నారు. పెద్దల్లుడికి మంచినీళ్ళిస్తూ అత్తగారు గొంతు తగ్గించి చెప్పింది.

"బండి తీయడం మానేశారు బాబూ. నేర్చుకోడానికొచ్చేవాళ్ళని కూడా పంపించేస్తున్నారు. పాత కళ్ళజోడు విరిగితే, మన చిన్నల్లుడు ప్రోగ్రామ్ చేసిచ్చిన షాపులోనే ఇది చేయించుకున్నారు. గోధుమరంగు ఫ్రేము చెప్పొచ్చి, మర్నాడు మళ్ళీ నలుపు కావాలని మార్పించుకున్నారు. ఇంత చేసినా దూరం ఆనడం లేదంటున్నారు."

ఫ్రేము మార్పించుకున్నారంటే, ఆర్డరు మళ్ళీ తెరిచారన్నమాట. ఏం జరిగిందో పెద్దల్లుడికి అర్థమైపోయింది. అయినా ఆ సిగ్గులేని మనసు ముందుగా అనుకున్నది మాత్రం వేరే: ఇప్పుడు తెలుస్తుంది ముద్దులల్లుడి పనితనం.

మామగారు జేబులోంచి కారు తాళాలు తీశారు. "ఇక నా వల్ల కాదు. కళ్ళు పోతున్నాయి. డాక్టరు నోట ఆ మాట వినే ధైర్యం కూడా లేదు" అన్నారు.

పెద్దల్లుడు చిన్నల్లుడి చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. తాళాలు అటే పోతాయని అతనికి అనుమానం లేదు. తీరా చూస్తే తన చేతిలోనే పడ్డాయి.

"మీరే ఉంచండి బాబూ. వీడితో వేళాకోళాలాడతాను గానీ, నమ్మకమంటే మీ మీదే."

"అద్దాలే తప్పేమో మామయ్యా, ఓసారి షాపులో చూపిద్దాం" అన్నాడు చిన్నల్లుడు.

"నువ్వే చెప్పావు కదరా, ఆ ప్రోగ్రామ్ అన్నయ్యగారు చూసి పంపారని. ఆయన చూశాక తప్పెలా ఉంటుంది? నా కళ్ళదే తప్పు."

ఇన్నేళ్ళూ పెద్దల్లుడు వినాలనుకున్న మాట అదే. తీరా విన్నాక మింగలేడు, కక్కలేడు. ఊరుకుంటే కారు తనది, నమ్మకం తనది. ఎదురుగా మామగారు గోడ గడియారంలో టైము చూడబోయి, ముళ్ళు కనపడక, తల దించుకున్నారు.

"మీ కళ్ళకేం కాలేదు మామయ్యగారూ" అన్నాడు చివరికి. "అద్దాలే తప్పు. రెండు చూపులవీ రావాల్సింది, ప్రోగ్రామ్‌లో లోపం వల్ల ఉత్త దగ్గరి చూపువి వచ్చాయి. ఆ లోపం నాకు ముందే కనపడింది. కావాలనే చెప్పలేదు."

చిన్నల్లుడు తలెత్తాడు. "ఎందుకన్నయ్యా?"

"నిన్ను చూసి కుళ్ళుకుని."

మామగారికి ఆ మాట వినపడినట్టు లేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అయితే నేను గుడ్డివాణ్ణి కావడం లేదా" అని కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు, నవ్వారు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయారు.

"బండి ఎందుకు మానేశానో మీ అత్తయ్యకి కూడా చెప్పలేదు" అన్నారు. "మొన్న స్కూలు దగ్గర మలుపులో ఓ పాప రోడ్డు దాటుతోంది. నేనే తోలుతున్నాను. నాకు కనపడలేదు. నేర్చుకోడానికొచ్చి పక్కన కూర్చున్నమ్మాయి కేక పెడితే బ్రేకు వేశాను. కారుకీ ఆ పిల్లకీ మధ్య జానెడుంది బాబూ."

అత్తగారు గోడకి ఆనుకుని నిలబడిపోయింది. పెద్దల్లుడు తాళాలు బల్ల మీద పెట్టాడు. మామగారు వాటిని తీసుకోలేదు, చిన్నల్లుడూ తీసుకోలేదు.